వెయ్యి గజాల అవతల

దూరం చెప్పటానికి మన తెలుగువాళ్ళకు మాటల కరువు లేదు. పొరుగువాడి పొలం కూతవేటు దూరం. ఏటి అవతలి గట్టు రాయివేటు దూరం. పక్క ఊరు కోసెడు. అత్తవారి ఊరు ఆమడ. ఈ మాటల్లో ఒక తమాషా ఉంది. కూతవేటు కూతవేసేవాడి గొంతును బట్టి ఉంటుంది. రాయివేటు విసిరేవాడి రెట్టబలాన్ని బట్టి ఉంటుంది. ఇక కోసు సంగతి సరేసరి. ఒక్కొక్క సీమకు ఒక్కొక్క కోసు. అయినా తరతరాలుగా మన వ్యవహారం సాగిపోయింది. కూతవేటులో పది గజాలు అటో ఇటో అయితే మునిగిపోయేదేముంది?

మునిగిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. వెయ్యి గజాల దూరాన ఉన్న గురిని తుపాకితో కొట్టేవారు దూరాన్ని ఇరవై గజాలు తక్కువగా అంచనా వేస్తే, గుండు అడుగు కిందికి పోతుంది. అక్కడ అడుగంటే గెలుపుకూ ఓటమికీ మధ్య ఉన్నంత దూరం. అటువంటివారికి కాశీ వంటి క్షేత్రం ఒకటి ఇంగ్లండులో ఉంది. పేరు బిజ్లీ. హైదరాబాదువారు ఈ పేరు వినగానే మెరుపనుకుంటారు గాని, ఇది సర్రే జిల్లాలోని ఒక పల్లె. కిందటి జులై నెలలో అక్కడ ఒక రోజంతా గడిపే అవకాశం నాకు కలిగింది.

శ్మశానం పక్క స్టేషను

లండనులో వాటర్లూ స్టేషనులో రైలెక్కి నైరుతి దిక్కుగా ముప్పావుగంట కూర్చుంటే బ్రూక్‌వుడ్ అనే చిన్న స్టేషను వస్తుంది. అక్కడ దిగినవారికి ఒక పక్క బ్రహ్మాండమైన శ్మశానం, మరొక పక్క తుపాకుల చప్పుడు. ఈ రెండింటికీ సంబంధం లేదని ముందే మనవి చేస్తున్నాను. లండనులో చనిపోయినవారికి చోటు చాలక 1854లో ఇక్కడ శ్మశానం తెరిచారు. శవాలను తేవటానికి ప్రత్యేకంగా రైలు కూడా నడిపారు. తుపాకులు వచ్చింది ఆ తరువాత, 1890లో. వాటికోసం కూడా స్టేషను నుంచి ఒక చిన్న రైలుమార్గం వేశారు. దానిని 1952లో మూసివేశారు. ఇప్పుడు కారులోనో కాలినడకనో పోవాలి.

నేల ఇసుకనేల. పైన్ చెట్లు, వాటి నడుమ ఊదారంగు పూల హెదర్ పొదలు. కొంత దూరం పోగానే చెక్కతో కట్టిన బంగళాలు, వాటి ముందు పొడుగాటి వసారాలు, వసారాల్లో పడక కుర్చీలు కనిపిస్తాయి. ఉదకమండలంలోనో హార్స్‌లీ కొండమీదో పాత దొరల బంగళాలు చూచినవారికి ఇవి బొత్తిగా కొత్తగా అనిపించవు. ఒక్కొక్క సంఘానిది ఒక్కొక్క బంగళా. కెనడావారి భవనం 1897 నాటిది. కొన్ని బంగళాలను వెనుకటి చోటునుంచి ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు.

ఆ వెనుకటి చోటు వింబుల్డన్. ఇప్పుడు టెన్నిసుకు పేరుపడిన ఊరే. 1859లో ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ దండెత్తి వస్తాడేమోనని ఇంగ్లండులో భయం పుట్టింది. గుమాస్తాలూ, దుకాణదారులూ, ప్లీడర్లూ స్వచ్ఛంద దళాలుగా చేరారు. చేరటమైతే చేరారు గాని వారిలో తుపాకి పేల్చటం వచ్చినవారు తక్కువ. వారికి గురి నేర్పటానికి ఆ సంవత్సరమే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. 1860లో వింబుల్డన్ మైదానంలో మొదటి పోటీలు జరిగాయి. మొదటి గుండు పేల్చినది విక్టోరియా రాణి. 400 గజాల దూరాన ఉన్న గురి నడిమికి అంగుళం పావు దూరంలో గుండు తగిలింది. జనం హర్షధ్వానాలు చేశారు. అసలు సంగతి ఏమంటే, విట్‌వర్త్ అనే ఇంజనీరు తుపాకిని ముందుగానే గురికి సరిచూచి ఇనుపచట్రంలో బిగించి ఉంచాడు. రాణిగారు లాగినది ఒక పట్టుతాడు మాత్రమే!

ఊరు పెరిగి మైదానం చుట్టూ ఇళ్ళు లేవటంతో 1890లో పోటీలు బిజ్లీకి తరలివచ్చాయి. ప్రతి జులైలోనూ జరిగే ఈ మేళాలో అన్నిటికన్న పెద్దది రాజుగారి బహుమతి. సింహాసనం మీద రాణి ఉంటే అది రాణిగారి బహుమతి అవుతుంది. వడపోతలన్నీ దాటి నిలిచిన నూరుమంది చివరిరోజున 900 గజాలనుంచీ, 1000 గజాలనుంచీ కాలుస్తారు. గెలిచినవారిని కుర్చీలో కూర్చోబెట్టి, పెండ్లికొడుకును ఊరేగించినట్లు, భుజాలమీద మోసుకుపోతారు.

మన దేశపు పేరు కూడా ఇక్కడ ఒక వెండి పాత్రమీద ఉంది. కొల్హాపూరు రాజు రాజారాం 1870లో ఇంగ్లండు చూడటానికి వచ్చాడు. తిరుగుప్రయాణంలో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో చనిపోయాడు. అప్పటికాయన నిండా నవయువకుడు. ఆ సంస్థానం పేరుమీద వెలసిన కప్పుకోసం 1871 మొదలుకొని జట్లు పోటీపడుతున్నాయి. 2002లో మాంచెస్టర్‌లో కామన్వెల్తు క్రీడలు జరిగినప్పుడు తుపాకి పోటీలు మాత్రం ఈ బిజ్లీలోనే పెట్టారు. అంజలీ భగవత్ నాలుగు బంగారు పతకాలు గెలుచుకున్నది ఇక్కడే.

అక్కయ్య భయం

నన్ను అక్కడికి తీసుకుపోయినది మా అక్కయ్య కుటుంబం. బావగారు ఆ జిల్లాలోనే డాక్టరుగా చాలాకాలంగా పనిచేస్తున్నారు. వారి అమ్మాయి ఇంజనీరింగు చదువుతూ యూనివర్సిటీ రైఫిల్ క్లబ్బులో చేరింది. ఆ రోజు ఆమె మొట్టమొదటిసారి వెయ్యి గజాల పోటీలో పడుకుని కాల్చబోతున్నది. పడుకుని అని ఎందుకన్నానంటే, ఈ ఆటలో అందరూ బోర్లా పడుకునే కాలుస్తారు.

మా అక్కయ్యకు ఈ వ్యవహారం మొదటినుంచీ ఇష్టం లేదు. కారులో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా నాతో మొరపెట్టుకుంది.

"నువ్వయినా చెప్పరా తమ్ముడూ. సంగీతం నేర్పిస్తానన్నాను, వద్దంది. వీణ పట్టవలసిన చేతులతో తుపాకి పడుతుందిట."

"వీణకూడా పడుకోబెట్టే వాయిస్తారు కదమ్మా," అన్నది వెనుక సీటులోంచి మా మేనకోడలు.

పరిహాసానికి అలా అన్నదిగాని, అక్కయ్య భయం ఉత్త ఛాందసం కాదు. 1996లో స్కాట్లండులోని డన్‌బ్లేన్ అనే ఊళ్ళో ఒక దుర్మార్గుడు బడిలో చొరబడి పదహారుమంది పసిపిల్లలనూ వారి టీచరునూ కాల్చిచంపాడు. మరుసటి ఏడే ఆ దేశంలో చేతిపిస్తోళ్ళను నిషేధించారు. ఆ వార్త గుర్తున్న తల్లి ఎవరయినా తన ఇంట తుపాకి మాట వింటే ఉలిక్కిపడుతుంది. రైఫిలుకు పోలీసుల లైసెన్సు కావాలి, ఇంట్లో ఉంచుకుంటే ఇనుపబీరువాలో తాళం వేసి ఉంచాలి. ఇవన్నీ అక్కయ్యకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

"ఆడపిల్లకు ఇదేం పనే?" అన్న మాటకు మాత్రం అమ్మాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. 1930లో ఇక్కడ రాజుగారి బహుమతి గెలుచుకున్నది మార్జొరీ ఫాస్టర్ అనే మహిళ. కోళ్ళపెంపకం ఆమె వృత్తి. సైన్యంలో ఆరితేరినవారిని ఓడించి మొదటిసారిగా ఒక స్త్రీ ఆ కుర్చీలో ఊరేగింది.

గసగసాల గింజ

వెయ్యి గజాల మైదానం పేరు స్టికిల్‌డౌన్. పక్కపక్కగా 50 గురులు. గురులు ఉన్నచోటనే ఉంటాయి. కాల్చేవారు 800, 900, 1000 గజాల గట్లమీదికి వెనక్కు జరుగుతూ పోతారు. కొన్ని పోటీలకు 1200 గజాలదాకా కూడా పోతారు.

అక్కడ నిలబడి చూస్తేగాని వెయ్యి గజాలంటే ఏమిటో తెలియదు. గురిపలక చిన్నదేమీ కాదు, పది అడుగుల వెడల్పు. దాని నడుమ నల్లని చక్రం నాలుగు అడుగులకు కాస్త తక్కువ. అయితే మనకు ఆ చక్రం, చెయ్యి చాచి వేళ్ళమధ్య పట్టుకున్న గసగసాల గింజంత కనిపిస్తుంది. అందులోనూ అయిదు మార్కులు తెచ్చిపెట్టే నడిమి వలయం అడ్డంగా రెండే అడుగులు. పైగా ఈ పోటీలో తుపాకిమీద దుర్భిణి బిగించుకోకూడదు. సన్నటి రంధ్రంలోంచి కంటితో చూచి కొట్టాలి.

గుండు గీత గీసినట్లు తిన్నగా పోతుందనుకుంటాం. పోదు. గొట్టం చూపిన దిక్కునుంచి అది వెయ్యి గజాలు చేరేలోగా సుమారు ముప్పై అడుగులు కిందికి జారుతుంది. అందుకని గొట్టాన్ని ఆ మేరకు పైకెత్తి కాలుస్తారు. గుండు ఆకాశంలో విల్లులా వంగి, ఒకటిన్నర సెకను ప్రయాణంచేసి గురిమీదికి దిగుతుంది. ఎంత పైకెత్తాలన్నది దూరం తెలిస్తేనే తెలుస్తుంది. ఈ ఆటలో దూరానికి అంత విలువ అందుకే వచ్చింది.

బావగారి యంత్రం

బావగారికి కొత్త యంత్రాలంటే ప్రాణం. ఆ రోజు మెడలో ఒక జోడు దుర్భిణి వేలాడుతున్నది. దాని ఖరీదు ఎంతని అడిగితే అక్కయ్య వైపు చూచి మాట మార్చారు. చూపుకు మామూలు బైనాక్యులర్స్ వంటిదే. దూరాన ఉన్నది పదిరెట్లు దగ్గరగా కనిపిస్తుంది. కాని నెత్తిన ఒక మీట ఉంది. అది నొక్కితే కంటికి కనిపించే బొమ్మలోనే ఎర్రని అంకెలు వెలుగుతాయి. అవే మీటర్ల లెక్కన దూరం.

కాల్చేవారి వెనుక నిలబడి ఆయన మీట నొక్కారు. 871 అన్నది. మళ్ళీ నొక్కారు. 920. మూడోసారీ 920. నాలుగోసారి 948.

"ఏమోయ్ మాస్టారూ, నాలుగు సార్లకు మూడు సమాధానాలు. ఇందులో ఏది నమ్మమంటావు?" అన్నారు నాతో.

జవాబు అమ్మాయి చెప్పింది. ఆ యంత్రంలోంచి కంటికి కనపడని లేజరు వెలుగు ఒక్క క్షణం పోయి, దేనికయినా తగిలి, తిరిగి వస్తుంది. పోయిరావటానికి ఎంతసేపు పట్టిందో కొలిచి దూరం కడుతుంది. వెలుగుకు వెయ్యి గజాలు పోయి తిరిగి రావటానికి పట్టే కాలం, సెకనును పదిలక్షల భాగాలు చేస్తే అందులో ఆరు భాగాలు. ఒక మీటరు తేడా పట్టుకోవాలంటే అందులోనూ మళ్ళీ నూటయాభయ్యో వంతును గుర్తించాలి. అంత గడియారం ఆ దుర్భిణి పొట్టలో ఉంది. కాని ఆ వెలుగు దారంలా సన్నగా ఉండదు. పోనుపోను వెడల్పవుతుంది, అంత దూరం చేరేసరికి మనిషి చేతులు చాచినంత వెడల్పయినా ఆశ్చర్యం లేదు. చెయ్యి వణికితే దారిలో ఉన్న జెండా కర్రకు తగిలి తక్కువ చూపుతుంది. గురిని దాటిపోతే వెనుక ఉన్న మట్టికట్టకు తగిలి ఎక్కువ చూపుతుంది. అందుకని దానిని కాలిపీటమీద నిలిపి నాలుగయిదు సార్లు చూడాలి. పొడి గడ్డిమీదా నల్లగుడ్డమీదా కాకుండా, పక్కనే వెలుగును బాగా తిప్పికొట్టే తెల్లని రాయో పలకో ఉంటే దానిమీద పెట్టాలి. మంచులోనూ వానలోనూ దాని ఆటలు సాగవు. నడిమధ్యాహ్నపు ఎండలో దాని చూపు కొంత మందగిస్తుంది.

"920 సరయినదే నాన్నా," అన్నది అమ్మాయి. "వెయ్యి గజాలంటే 914 మీటర్లు. మనం గట్టుకు ఆరు మీటర్లు వెనుక ఉన్నాం."

అడుగులు వేసి చూచుకున్నాం. ఆరే!

నాకు ఆ క్షణాన జ్ఞాపకం వచ్చినది మన దేశపు సర్వే. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంటు పక్కన విలియం లాంబ్టన్ అనే దొర ఏడున్నర మైళ్ళ గీత ఒకటి గొలుసుతో కొలిచాడు. దానికి పట్టినది 57 రోజులు! ఆ గీత ఆధారంగా కొండకొమ్మునుంచి కొండకొమ్ముకు త్రికోణాలు అల్లుకుంటూ ఉత్తరంగా వచ్చి, 1815లో బీదరు ప్రాంతంలో మరొక గీత కొలిచి లెక్క సరిచూచుకున్నారు. లాంబ్టన్ హైదరాబాదును కేంద్రంగా చేసుకుని ఏళ్ళతరబడి పనిచేసి, 1823లో నాగపూరు దారిలో హింగన్‌ఘాట్ వద్ద కన్నుమూశాడు. ఒక మనిషి జీవితం దూరాలు కొలవటంలో కరిగిపోయింది.

సిపాయిలకు త్రికోణాలు అల్లే తీరిక ఎక్కడిది? 1853లో ఇంగ్లండులోని హైత్ అనే ఊళ్ళో పెట్టిన తుపాకి పాఠశాలలో దూరాన్ని కంటితో అంచనా కట్టటం నేర్పేవారు. ఎదుటి మనిషి ముఖం తెలుస్తున్నదా, చేతులు వేరుగా కనిపిస్తున్నాయా, ఉత్త నిలువుగీతలా ఉన్నాడా అని చూచి గజాలు చెప్పాలి. 1888లో యుద్ధశాఖవారు దూరం కొలిచే సాధనం కావాలని ప్రకటన చేస్తే, దానిని చూచి పనికి పూనుకున్నవారు లీడ్స్ కాలేజీలోని ఇద్దరు మాస్టర్లు, బార్, స్ట్రౌడ్ అనేవారు. ఒకాయన ఇంజనీరింగు, మరొకాయన భౌతికశాస్త్రం. కాలేజీ మాస్టర్లకు పాఠాలు చెప్పటం తప్ప ఏమీ రాదనేవారు గమనించాలి! సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఒక కన్ను మూసి చూడండి, దారం ఎక్కదు. రెండు కళ్ళ చూపుల మధ్య ఉన్న కోణమే మనకు దూరం చెబుతుంది. వారు ఒక పొడుగాటి గొట్టానికి రెండు చివరలా రెండు కళ్ళు పెట్టి, ఆ రెండు బొమ్మలూ ఒకటయ్యేదాకా మర తిప్పి దూరం చదివే ఏర్పాటు చేశారు. 1892లో ఇంగ్లీషు నౌకాదళం దానిని స్వీకరించింది.

1960 మే నెలలో కాలిఫోర్నియాలో మైమన్ అనే శాస్త్రజ్ఞుడు కెంపులోంచి మొదటి లేజరు కిరణాన్ని రప్పించాడు. 1969లో చంద్రుడిమీద దిగినవారు అక్కడ అద్దాల పలక ఒకటి ఉంచివచ్చారు. దానిమీదికి లేజరు వదలి ఈనాటికీ చందమామ దూరం కొలుస్తున్నారు. 1992లో లైకా కంపెనీవారు ఈ సాధనాన్ని జోడు దుర్భిణిలో ఇమిడ్చి జియోవిడ్ అనే పేరుతో అమ్మకానికి తెచ్చారు. 57 రోజుల పని మీట నొక్కినంతలోకి వచ్చింది.

గాలిని అడగండి

ఇంతలో క్లబ్బులో పిల్లలకు నేర్పే పెద్దమనిషి ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. డెబ్బై దాటిన వయసు, తలమీద వెలిసిపోయిన బట్టటోపీ. బావగారు ఉత్సాహంగా దుర్భిణి ఆయన చేతిలో పెట్టారు. ఆయన చూచి, మెచ్చుకుని, తిరిగి ఇచ్చేశాడు.

"అంకె నిజమే. కాని డాక్టరుగారూ, ఈ గట్టు ఎక్కడికీ పోలేదు. వెయ్యి గజాలని పలకమీద రాసే ఉంది. గాలి ఎంత ఉన్నదో మీ యంత్రాన్ని అడగండి."

బావగారు నవ్వేశారు. దానికి ఆ సంగతి తెలియదు.

ఆ ముసలాయన యంత్రాన్ని తీసిపారవేయలేదు. అమెరికాలో పడమటి కొండల్లో మరొక రకం పోటీలు జరుగుతాయట. అక్కడ గట్లూ ఉండవు, పలకలూ ఉండవు. వాలుల్లో, లోయల అవతల, ఇనుపరేకు గురులు తలా ఒక దూరాన నిలబెడతారు. ఎండకు మెరిసే బండ దగ్గరగానూ, నీడలోని పొద దూరంగానూ కనిపించి కన్ను మోసపోతుంది. అక్కడ లేజరు లేనివాడు సగం ఓడినట్లే. వాలు లెక్కకూడా అదే కడుతుంది. ముప్పై డిగ్రీల వాలులో వెయ్యి మీటర్ల దూరాన గురి ఉంటే, గుండును కిందికి లాగే బరువు పనిచేసేది 866 మీటర్ల అడ్డదూరం మీదనే. ఆ తేడా పట్టించుకోనివాడి గుండు గురికి పైగా పోతుంది. వీటన్నిటికీ ఆ యంత్రం మేలయినదే.

"అయితే అక్కడా ఇక్కడా ఒకటే చిక్కు," అన్నాడాయన. "దూరం ఒకసారి తెలిస్తే తెలిసినట్టే. గాలి ప్రతి గుండుకూ కొత్త ప్రశ్న వేస్తుంది."

లెక్క చూడండి. గంటకు పదిమైళ్ళ వేగంతో గాలి అడ్డంగా వీస్తే, వెయ్యి గజాలు చేరేసరికి గుండు సుమారు ఎనిమిది అడుగులు పక్కకు జరుగుతుంది. పదిమైళ్ళ గాలి అంటే ఆకులూ చిన్న రెమ్మలూ ఆగకుండా ఊగేటంత. గాలి వేగాన్ని మైలుంబావు తప్పుగా అంచనా వేస్తే చాలు, గుండు నడిమి వలయం అంచు దాటిపోతుంది. మైలుంబావు తేడా చెంపకు కూడా తెలియదు. చేతిలో పట్టుకునే చిన్న గాలిమరలు దొరుకుతాయి. అవి మన ముక్కు దగ్గరి గాలిని చెబుతాయి. చెట్ల సందున వీచే గాలిని, అవతల పల్లంలో సుడి తిరిగే గాలిని చెప్పవు.

మరి ఎట్లా? మైదానం పొడుగునా కర్రలమీద జెండాలు కట్టారు. అవి ఎంత ఎత్తుకు లేచాయో, ఏ వైపు వాలాయో చూడాలి. అంతకన్న సూక్ష్మమైనది ఎండమావి. ఎండకు నేలమీదినుంచి లేచే ఆవిరి, దుర్భిణిలో చూస్తే సెలయేటి నీళ్ళలా పారుతూ ఉంటుంది. అది కుడివైపు పారుతుంటే గాలి కుడికి పోతున్నట్లు. నిదానంగా పారితే గాలి తగ్గినట్లు. పారటం మాని అన్నంకుండలో నీళ్ళలా నిలువునా కుతకుతలాడితే, గాలి పడిపోయినట్లో, చూపు దారివెంటనే వీస్తున్నట్లో అనుకోవాలి. మన సాహిత్యంలో ఎండమావి అంటే మోసానికి మారుపేరు. ఇంత నమ్మకంగా నిజం చెప్పే ఎండమావిని నేను అక్కడే చూచాను.

ద్రోణాచార్యుడు చెట్టుమీద పిట్టను పెట్టి, ఏమి కనిపిస్తున్నదని అడిగితే, చెట్టూ కొమ్మలూ కనిపించటం లేదు, పిట్ట మాత్రమే కనిపిస్తున్నదని చెప్పి అర్జునుడు నెగ్గాడు. బిజ్లీలో ఆ సమాధానం చెప్పినవాడు నెగ్గడు. చెట్టు చూడాలి, కొమ్మలు చూడాలి, గడ్డి చూడాలి. పిట్టను చివరికి చూడాలి.

పది గుండ్లు

పదకొండు గంటలకు అమ్మాయి వంతు వచ్చింది. చాపవంటి పరుపు పరచుకుని పడుకున్నది. పక్కన నోటుపుస్తకం, ఒంటికంటి దుర్భిణి. ఒక్కొక్క గురికి ఇద్దరో ముగ్గురో పంచుకుని వంతులవారీగా కాలుస్తారు. ఇందులో నన్ను ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. ఒకరి మార్కులు మరొకరు రాస్తారు. ఓడించవలసినవాడి చేతిలోనే మన లెక్క ఉంటుంది!

అక్కయ్య చెవులకు మూతలు పెట్టుకుని, పులిహోర డబ్బా వదలకుండా, పడకకుర్చీ అంచున కూర్చుంది. ఎర్రజెండా ఎగురుతున్నంతసేపూ మైదానంలో పిట్ట మనిషి లేడు. అధికారి మాట లేనిదే ఎవరూ తూటా ముట్టలేదు. కాల్చటం అయినవారు తుపాకి తెరిచి ఖాళీ చూపించనిదే లేవలేదు. అక్కయ్య ఇదంతా కళ్ళు విప్పార్చుకుని చూస్తున్నది. వంటింట్లోకూడా ఇంత మడి తాను పాటించనని నాతో రహస్యంగా అన్నది.

సరిచూచుకోవటానికి రెండు గుండ్లు, లెక్కకు పది. ఒక్కొక్క గుండు పేలగానే దూరాన గురి గోతిలోకి దిగిపోతుంది. కింద ఉన్నవారు చిల్లు మూసి, తగిలినచోట గుర్తు తగిలించి మళ్ళీ పైకి లేపుతారు. ఆ అరనిముషం, పరీక్షాఫలితాలకోసం నోటీసుబోర్డు ముందు నిలబడ్డ విద్యార్థి అవస్థే.

అయిదు, నాలుగు, అయిదు, నాలుగు, అయిదు. అయిదుగుండ్లకు ఇరవైమూడు.

ఆరవ గుండుకు అమ్మాయి తుపాకి భుజానికి చేర్చి, మళ్ళీ దించింది. జెండాలు ఎప్పటిలాగే ఎడమనుంచి కుడికి ఊగుతున్నాయి. ఇరుపక్కలవారూ కాల్చేశారు. ఈమె మాత్రం ఒంటికంటి దుర్భిణిలో చూస్తున్నది. నిముషంలోపల కాల్చాలి. నేర్పిన ముసలాయన మా పక్కనే ఉన్నాడుగాని నోరు మెదపకూడదు. ఒంటరిపోటీలో సలహా చెప్పటం నిషిద్ధం. ఆమె చూపుమర మూడుగీతలు వెనక్కు తిప్పి కాల్చింది.

పక్కవారి గురులు పైకి లేచాయి. రెండింటిలోనూ గుర్తులు ఎడమకు ఎక్కడికో పోయాయి. ఉందనుకున్న గాలి పడిపోయింది. దానికోసం వారు ఎడమకు పెట్టుకున్న గురి అట్లాగే మిగిలింది. మా అమ్మాయి గురి లేచింది. నడుమ. అయిదు.

"దానికి ఎట్లా తెలిసింది?" అన్నది అక్కయ్య.

"ఎండమావి ముందు ఆగింది. జెండాకు బరువుంటుంది, ఆలస్యంగా దిగుతుంది," అన్నాడు ముసలాయన.

అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత చెవిమూత ఒకటి తీసి నావైపు తిరిగింది. "నాన్నగారు కళ్ళంలో తూర్పారపట్టించేటప్పుడు ఏం చేసేవారో గుర్తుందిరా? గుప్పెడు పొట్టు ఎగరవేసి చూసేవారు. కూలివాళ్ళంతా చేటలు పట్టుకుని నిలబడి ఉండేవాళ్ళు. ఆయన ఊఁ అంటేగాని ఒక్కడూ చేట ఎత్తేవాడు కాదు. తాటిమట్టలు ఊగుతున్నాయి కదండీ అంటే, అక్కడ ఊగితే ఇక్కడికొచ్చినట్టా అనేవారు."

నాకు బాగా గుర్తుంది. గాలి తప్పి చేట ఎత్తితే పొట్టుతోపాటు గింజ కూడా పోయేది. ఇంటిల్లిపాదికీ ఏడాది గ్రాసం ఆ ఊఁ మీద ఆధారపడి ఉండేది.

ఏడవది నాలుగు. ఎనిమిదవది అయిదు. తొమ్మిదవ గుండు గాలి మళ్ళీ లేచిన సంగతి ఎండమావి చెప్పేలోగానే వెళ్ళిపోయింది, రెండు. "అయ్యో!" అన్నది అక్కయ్య, మైదానమంతా వినపడేటట్లు. పదవది అయిదు. మొత్తం యాభైకి నలభైనాలుగు. బహుమతుల పట్టికకు అది చాలదు. ఆ రోజు పైనున్నవారు ఒకటి రెండు మార్కులకు మించి పోగొట్టుకోలేదు. మొదటిసారికి మంచి లెక్కేనని ముసలాయన తల ఆడించాడు.

ఒలింపిక్సులో మన హైదరాబాదు కుర్రవాడు గగన్ నారంగ్ 2012లో లండనులోనే కంచుపతకం తెచ్చాడు. అది పది మీటర్ల పోటీ. నాలుగు గోడల మధ్య, గాలి లేనిచోట. అక్కడ కష్టమంతా తన ఊపిరినీ, తన గుండెనూ అదుపులో పెట్టుకోవటం. వెయ్యి గజాల ఆటలో ఆ కష్టమూ ఉంది. తన అదుపులో లేనిదానిని ఎరిగి ఉండవలసిన కష్టం దానికి తోడు. ఈ రెండవదానికి మీట ఇంకా తయారుకాలేదు.

చెట్లకింద కూర్చుని పులిహోర తిన్నాం. ముసలాయన రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఎండుమిరపకాయ తీసి పక్కన పెట్టాలని ఆయనకు తెలియదు. తెలిసేసరికి గాలి ఎటు వీస్తున్నదో కూడా మరిచిపోయాడు. బావగారు దుర్భిణి పెట్టుకుని చెట్టు చెట్టుకూ దూరం కొలుస్తున్నారు. అక్కయ్య కూతురి నోటుపుస్తకం తీసుకుని తిరగవేస్తున్నది. దూరం అని రాసిన గడిలో పైనుంచి కిందిదాకా ఒకే అంకె. గాలి అని రాసిన గడిలో ఏ రెండు వరుసలూ ఒక్కటిగా లేవు. ప్రతి గుండుకూ ఒక గుర్తు, కొట్టివేత, మళ్ళీ దిద్దుబాటు. తొమ్మిదవ వరుస ఎదుట చిన్న అక్షరాలతో, 'తొందరపడ్డాను' అని తెలుగులోనే రాసుకున్నది.

అక్కయ్య పుస్తకం మూసి ఇచ్చేస్తూ, "రేపు గాలి ఎట్లా ఉంటుందిటే?" అని అడిగింది.